కలివి మిట్ట

అక్కా,

బాగున్నావా అని అడిగితే నవ్వుతావు. నువ్వు పోయి ఏడాది దాటింది. కలివి పండ్లు మళ్ళీ నల్లబడుతున్నాయి. నాకు మాత్రం ఇంట్లో కాలు నిలవడం లేదు...

అమ్మవారు పోసి పోయావని నిన్ను ఊరి శ్మశానానికి కూడా రానివ్వలేదు. తెల్లారకముందే నాయన, చిన్నాయన మోసుకుపోయారు. ఆడవాళ్ళం గడప దాటలేదు. ఎక్కడ పెట్టారని అమ్మ ఎంత అడిగినా నాయన నోరు విప్పితే కదా! చిన్నాయనను అడుగుదామంటే ఆయన పటాలంలో చేరిపోయాడు.

కొండ కింది మిట్ట అని మాత్రం తెలుసు. అక్కడంతా రాళ్ళు, కలివి పొదలు. మేకల నెపంతో రోజూ పోయేదాన్ని. ప్రతి పొదా ఒకేలా ఉంటుంది. అవే జంట ముళ్ళు, అవే తెల్లపూలు... వీటిలో ఏ పొద కింద నువ్వు? పిలిస్తే పలుకుతావా? ఒట్టి పిచ్చిదాన్ని.

యుద్ధం వచ్చాక బియ్యం దొరకడం లేదు. బంజర్లు దున్నుకోమని సర్కారు ఇస్తోంది. అందరూ ఏటి పక్క మెత్తటి నేల అడిగితే, నాయన పోయి ఈ రాళ్ళమిట్ట అడిగి తెచ్చుకున్నాడు! అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

నిన్న పొదలు కొట్టడానికి అందరం పోయాం. అమ్మ తన కోపమంతా కత్తి మీద చూపించింది. ఒక పెద్ద పొద మీద వేటు వేసిందో లేదో, నాయన ఆ చివరినుంచి పరుగెత్తుకొచ్చాడు. కత్తి లాగేసి, ఆ పొదకు అడ్డంగా కూర్చుండిపోయాడు. తెగిన కొమ్మనుంచి పాలు కారుతున్నాయి. ఆయన ఆ తెగిన చోటును అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఇంకా చెప్పాలా అక్కా?

అమ్మ అక్కడే కూలబడి ముళ్ళలోకి చేతులు పెట్టేసింది. తీద్దామంటే తియ్యనివ్వలేదు. నీ మీద ఇంకొకరి నాగలి పోకూడదనే నాయన ఈ మిట్ట అడిగాడని మాకు అప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పేదానివే... "కొమ్మ వంచి పట్టుకోవే, మొగం అట్ల తిప్పుకో, పాలు కంట్లో పడతాయి. ఎర్రంగుండేది ముట్టద్దు, నల్లంగయిందే పండు." నీ పొద పండ్లు అలాగే కోశాను. అమ్మ వద్దు వద్దని ఏడ్చింది. నేను దోసెడు తిన్నాను. ఏడాదిపాటు తిప్పించావని నీ మీద కోపంతో తిన్నాను. తియ్యగా ఉన్నాయి అక్కా.

తొలకరి పడితే దుక్కి మొదలు. నీ పక్కన చాలు తిప్పేటప్పుడు ఎద్దుల ముందు నేనే నడుస్తాను. ఆ పొదను ఎవరు కొట్టమన్నా కొట్టనివ్వను.

నీ చెంగి