తొమ్మిదో దీవికి నలభై మైళ్ల ఇవతల

జూన్ 3, ఆదివారం, ఉదయం 11.10

తొమ్మిదో దీవికి నలభై మైళ్ల ఇవతల బాంబర్ సముద్రంలో మునిగింది. ఇది ఐదోసారి. కారణం: ఇంధనం నిండుకోవడం. సిబ్బంది పదిమంది. వారిలో తొమ్మండుగురు లేనేలేరు కనుక ప్రాణనష్టం లేదు. పదోవాణ్ని నేను. లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను.

రికార్డు కోసం రాస్తున్నాను. ఇది ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్లో విమానం నడిపే ఆట. విమానం వయసులో నాకన్నా పెద్దది. నాలుగు ఇంజన్ల పాత యుద్ధవిమానం. స్థావరం మా ఇంట్లో ఇస్త్రీ బల్ల ఉన్న చిన్న గది. మార్గం వేడిదేశపు సముద్రంలో తొమ్మిది దీవులు, కొబ్బరిచెట్లతో సహా. ఎనిమిదింటిని ఎనిమిది ఆదివారాల్లో చేరాను. కాలాన్ని వేగంగా నడిపే బటన్ ఒకటుంది. రికార్డు విభాగంలో ఇరవై ఆరేళ్లుగా కాలాన్ని దాని దారిన పోనిచ్చినవాణ్ని, ఇంట్లో తరమడం భావ్యం కాదని దాన్ని ముట్టుకోలేదు.

మునిగిందా అని నా భార్య వంటింట్లోంచి అడిగింది. మునిగిందన్నాను. అయితే తీరికే కదా, వచ్చి ఉల్లిపాయలు తరగండి అంది.

జూన్ 4, సోమవారం

ఇంటి పరిస్థితిని కూడా నమోదు చేయడం అవసరం.

నా భార్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మామగారు మా దగ్గరే ఉంటారు. ముప్పై రెండేళ్లు దూరప్రాంతపు బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు చూపు నడుమ మసక కమ్మింది. అంచుల్లో మాత్రమే కొంత కనిపిస్తుంది. ఇది బాగయ్యేది కాదని కళ్ల డాక్టరు తేల్చేశారు. అయినా ఏప్రిల్‌లో కారు తీసి, ఎదురింటివారి గేటును ఎదురింటివారి వరండాలోకి చేర్చారు. ఆయన దగ్గర తాళం తీసుకునే బాధ్యత నాపై పడింది.

నేను మెమో ఇచ్చాను.

టైపు చేసి ఇచ్చాను. 'తమరి దృష్టిలోపం కారణంగా వాహనపు తాళమును తక్షణమే అప్పగించవలసినదిగా కోరడమైనది.' కింద అందినట్లు సంతకానికి ఒక గీత. రెండు ప్రతులు. ఆయన చదవలేక కూతురి చేత చదివించుకున్నారు. గీత ఎక్కడుందో వేలితో తడిమి సంతకం పెట్టారు. తాళం నా కంచం పక్కన పెట్టి లేచిపోయారు.

అది జరిగి యాభై రోజులు. నాతో ఒక్క మాట లేదు. తాళం బీరువాలో నా సర్వీసు కాగితాల కింద ఉంది. ఆయన మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నారు. ఇలాగే పడుకుంటే కాళ్లు శాశ్వతంగా మొరాయిస్తాయని, ఎలాగైనా లేపి నడిపించమని మా వీధి డాక్టరు చెప్పాడు. ఎలాగో చెప్పలేదు.

జూన్ 6, బుధవారం

ఈరోజు మామగారు పద్దెనిమిది అడుగులు నడిచారు. అన్నీ బాత్రూముకే.

జూన్ 10, ఆదివారం, మధ్యాహ్నం 12.30

ఆరో ప్రయత్నం. వంటింటి మిక్సీ మోత వల్ల స్పీకర్ల శబ్దం పెంచవలసివచ్చింది. ఎనిమిదో దీవి నుంచి లేచిన గంటకు గుమ్మంలో మామగారు గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

నా భార్య అదే గదిలో, నాకు బారెడు దూరంలో, బట్టలు మడతపెడుతోంది. ఆయన ఆమెతో, అమ్మాయ్, మూడో ఇంజను దగ్గుతోందని మీ ఆయనకి చెప్పు అన్నారు. మూడో ఇంజను దగ్గుతోందట అని ఆమె నాకు చెప్పింది. వేడి, ఒత్తిడి, అన్ని మీటర్ల ముళ్లూ సక్రమంగా ఉన్నాయని నేను ఆమెకు నివేదించాను. ముళ్లన్నీ బాగున్నాయట నాన్నా అంది. ముళ్లకేం, అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి, దానికి తిండెక్కువై దగ్గుతోంది, చెవులున్నవాళ్లకి వినపడుతుందిలే అన్నారాయన. నేను పోస్టాఫీసు పెట్టలేదు, మీరూ మీరూ తేల్చుకోండి అని నా భార్య బట్టలెత్తుకుని వెళ్లిపోయింది.

పరిశీలించగా, మూడో ఇంజనుకు ఇంధనపు వాటా పెంచే మీట చివరిదాకా ముందుకు తోసి ఉంది. మొదటి దీవి నుంచీ అలాగే ఉంది. వెనక్కి లాగాను. దగ్గు ఆగింది. తిరిగి చూస్తే ఆయన లేరు. అయితే మంచం దాకా పోలేదు, హాల్లో కుర్చీలో కూర్చుని వింటున్నారు.

విమానం పదహారు మైళ్ల ఇవతల మునిగింది. ఇరవై నాలుగు మైళ్ల పురోగతి.

జూన్ 13, బుధవారం

ఆదివారం ఎప్పుడని మామగారు కూతుర్ని అడిగారట. ఇంకా బుధవారమే అంటే, ఈ వారం బాగా లేటుగా నడుస్తోంది అన్నారట.

జూన్ 17, ఆదివారం, మధ్యాహ్నం 1.15

నేను కూర్చునేసరికే మామగారు స్టూలు మీద ఉన్నారు. నా భార్య వంటింట్లో ఉండడం వల్ల ఉత్తరప్రత్యుత్తరాలు కేకల ద్వారా జరిగాయి.

బండి మరీ బరువుగా లేస్తోంది, లోపలేం వేసుకున్నాడో కనుక్కోమ్మా అన్నారు. బాంబులని జవాబిచ్చాను. బాంబులట నాన్నా అని వంటింట్లోంచి వచ్చింది. ఎవరి మీద వెయ్యడానికట అన్నారు. ఎవరి మీదా కాదని, లోడింగ్ ఫారంలో ముందుగానే నింపి ఉన్నాయని, కొట్టివేసే అధికారం నాకున్నట్టు ఎక్కడా రాసి లేదని విన్నవించుకున్నాను. ఈసారి వంటింటి నుంచి మిక్సీ మోత మాత్రమే వచ్చింది.

ఆయన నా వైపు తిరిగారు. చూపు అంచుతో నన్ను పట్టుకోవడానికి మెడ కాస్త పక్కకు వంచారు. అల్లుడుగారూ, ప్యాసింజరే లేని బండికి టాపు మీద లగేజీ ఎందుకండీ అన్నారు.

అరవై మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

కింద ఓడలు, పడవలు, చేపలు పట్టేవాళ్లు లేరని రెండుసార్లు ధ్రువీకరించుకుని విమానం కడుపు తలుపులు తెరిచి బాంబులు వదిలేశాను. సముద్రం మీద తెల్లటి నీటిస్తంభాలు వరసగా లేచాయి. నెత్తిమీది మూట దించుకున్న మనిషిలా విమానం తనంతట తాను పైకి లేచింది. ఏం పగిలిందని నా భార్య గరిటెతో వచ్చింది. ఏమీ లేదమ్మా, మీ ఆయన జన్మలో మొదటిసారి ఒక ఫైలు క్లియర్ చేశాడు అన్నారు మామగారు.

పచ్చటి గీతలాగా తొమ్మిదో దీవి కనిపించింది. కరెంటు పోయింది.

ఇంధనం మిగిలి ఉండగా విఫలం కావడం ఇదే ప్రథమం. ఆయన స్టూలు కదిలేలా నవ్వారు.

జూన్ 20, బుధవారం

మామగారు హాల్లో అటూ ఇటూ నడుస్తున్నారు. కాళ్లకు కండ పడుతోందని డాక్టరు అన్నాడు. ఏ మందు వాడారని అడిగాడు. బాంబర్ అని నా భార్య చెప్పింది. రాసుకున్నాడు.

ఆఫీసులో మెమో నకలు తీసి మళ్లీ చదివాను. అక్షరదోషం లేదు. వాక్యదోషం లేదు. తాళం తిరిగి ఇవ్వడం కుదరదు. ఆ కళ్లతో ఆయన ఎవరినైనా గుద్దగలరు. మెమో రద్దు చేయడానికి ఒక్క కారణమూ దొరకలేదు. అన్నం సయించలేదు.

జూన్ 23, శనివారం, సాయంత్రం 6.00

కాగితం లేకుండా వెళ్లాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మామయ్యగారూ, మీరు బండి తీస్తే మీకేమవుతుందోనని, ఎవరికేమవుతుందోనని నాకు భయమేసింది, ఆ మాట నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం ఇచ్చాను అన్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇంత పొడుగు వాక్యం నోటితో అనలేదు.

డిపోలో నాకు చాలామంది మెమోలిచ్చారండీ, అన్నం తింటుండగా ఇచ్చింది మాత్రం మీరొక్కరే అన్నారాయన. తాళం సంగతి ఆయన ఎత్తలేదు. రేపు ఆఖరి ట్రిప్పుకు డ్యూటీ ఎవరిదని అడిగారు.

జూన్ 24, ఆదివారం, ఉదయం 8.20

టిఫిన్ మొదటి ముద్ద నోట్లో ఉండగా నాకొక కాగితం అందింది. ఒక్కో అక్షరం బొటనవేలంత. వరసలు కొండదారిలా మెలికలు తిరిగి ఉన్నాయి.

'ఇంజను దగ్గు వినపడని కారణంగా అల్లుడుగారిని పైలట్ బాధ్యతల నుంచి తప్పించి విమానం తోకలో తుపాకి పట్టే గన్నర్‌గా నియమించడమైనది. వెనక్కి తిరిగి కూర్చోవలెను. సలహాలు ఇవ్వరాదు. నకలు: అమ్మాయికి.'

కింద గీత. అందినట్లు సంతకం చేశాను.

అదే రోజు, 11.50

తోకలో కూర్చుని రాస్తున్నాను. నా ఎదుట బీరువా తప్ప ఏమీ లేదు. నా వెనక మామగారు ఇంజన్లు వింటూ నడుపుతున్నారు, నా భార్య ఎత్తు చదివి చెబుతోంది. అయిదు వందల అడుగులు. రెండు వందలు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేటప్పుడు రోగులకు చెప్పే గొంతుతో, గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి అంటోంది.

చక్రాలు దీవిని తాకిన చప్పుడు.

ఇక వదలచ్చు అంది.