నలభై రెండో అంశం

వాహనాల రిజిస్ట్రేషను అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా పేరున ఉన్న కారును అమ్మునప్పుడు కొనేవారికి వివరములన్నియు తెలుపుట, సదరు వివరములలో ఒకటి తమ కార్యాలయపు రికార్డులో తప్పుగా ఉండుట, దానిని సరిచేయుట గురించి.

1. నేను కారు అమ్మనివ్వడం లేదని మా ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. ఆ కారులోనే డ్రైవింగు నేర్చుకున్నానట, దాని మీద ప్రాణం పెట్టుకున్నానట, అందుకే చూడవచ్చిన ప్రతివాళ్ళకీ లోపాలు ఏకరువు పెట్టి తరిమేస్తున్నానట. మా అమ్మ ఈ మాట ప్రేమగానే అంటుంది. "పోనీలేరా, దానికి బెంగ" అని మా అన్నయ్యకి సర్దిచెబుతుంది. అన్నయ్య ప్రేమగా అనడు. "నువ్వు కారు అమ్ముతున్నావా, పోస్టుమార్టం చేస్తున్నావా?" అంటాడు. సదరు కారు మీద నాకు ఏ బెంగా లేదని, దాన్ని చూస్తే ఏమీ అనిపించదని, కారనే కాదు ఈ మధ్య దేన్ని చూసినా పెద్దగా ఏమీ అనిపించడం లేదని తమకు మనవి చేసుకుంటున్నాను. ఇదే మాట ఇంట్లోనూ చెప్పాను. నమ్మలేదు.

2. వాహనం వివరాలు. తెలుపు రంగు, నాలుగు తలుపులు, ఆరేళ్ళ పాతది. మా నాన్నగారు డ్రైవింగు స్కూలు నడిపేవారు. నాకు పద్దెనిమిది నిండిన నెలలో కొన్నారు కాబట్టి మురిసిపోయి నా పేరున రిజిస్టరు చేయించారు. సుమారు తొమ్మిది వందల మంది ఇందులో నేర్చుకున్నారు. ముఖాలు కాదు, అందరి కాళ్ళూ ఎరిగిన బండి. నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉండేది. ఈ సంగతి తమకు తెలియనిది కాదు; కానీ ఈ అర్జీ తమ చేతి నుంచి ఇంకెవరి బల్ల మీదికైనా పోవచ్చును గనుక రాస్తున్నాను. స్కూలు మూసేశాక పైనున్న బోర్డు, కింద ఉన్న ఆ రెండో బ్రేకు తీయించి, సొంత వాడకం కిందికి మార్పించాం. ఆ మార్పు జరిగింది తమ కార్యాలయంలోనే.

3. అమ్మకానికి వివరాల కాగితం రాయమని మా అన్నయ్య నాకే పురమాయించాడు, ఇంట్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నది నేనే గనుక. అతని ఉద్దేశం నాలుగు లైన్లు. నేను మూడు పేజీలు రాశాను. మొత్తం నలభై ఒక్క అంశాలు. తమ పరిశీలన నిమిత్తం కొన్ని: అంశం 4, తొమ్మిది వందల మంది తొక్కినందున క్లచ్ ప్లేటు మూడు సార్లు మార్చాం. అంశం 11, రెండో గేరు నుంచి మూడుకి మార్చేటప్పుడు ముసలాయనలా దగ్గుతుంది. అంశం 19, వెనక అద్దాల్లో ఒకటి సగం దిగి ఆగిపోతుంది, అరచేత్తో నెట్టాలి. అంశం 26, డ్రైవరు సీటు ముందు అంచు మాత్రమే అరిగింది, ఎందుకంటే భయపడేవాళ్ళు వెనక్కి ఆనుకుని కూర్చోరు. అంశం 38, వాన పడితే డిక్కీలో ఆరని బట్టల వాసన వస్తుంది.

4. మొదట ఒక భార్యాభర్తల జంట వచ్చారు. అంశం 4 దగ్గరే ఆమె కాగితం భర్త చేతిలో పెట్టి, "తొమ్మిది వందల మంది తొక్కారటండీ, పదండి" అంది. పోయారు. తర్వాత ఒక పెద్దాయన ఒక్కరే వచ్చారు. నిలబడే మూడు పేజీలూ చదివారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "అమ్మాయీ, అద్దం దిగదని కూడా రాసేవాళ్ళు ఇంకేదో పెద్దది దాస్తున్నారేమోనని నాకు భయంగా ఉందమ్మా" అని వెళ్ళిపోయారు. "పిచ్చి ముసలాయన" అన్నాడు అన్నయ్య. ఆ కాగితం సరిగ్గా చదివింది ఆయనొక్కరే అని తమకు విన్నవించుకుంటున్నాను.

5. మూడోసారి ఒక స్కూలు టీచరమ్మ తన మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చారు. అతను నా కాగితం ముట్టుకోలేదు. చొక్కా చేతులు మడిచి బండి కింద దూరాడు. లేచి, పక్క సీటు ముందున్న మ్యాటు ఎత్తాడు. నేల రేకుకి రబ్బరు బిరడాలతో మూసిన నాలుగు బొక్కలు ఉన్నాయి.

"అవి కాళ్ళు పెట్టుకునే పలక బిగించిన గుర్తులు" అన్నాడు మా అన్నయ్య.

"కాళ్ళు పెట్టుకునే పలకకి బ్రేకు కేబులెందుకు సార్?" అని అతను నవ్వాడు. "స్కూలు బండి అని చెప్పొచ్చుగా, తప్పేముంది?"

"కాగితంలో రాశాను" అన్నాను.

"సరే. ముందు బంపరు పక్కన పెయింటు కొత్తది. ఎక్కడ గుద్దారు?"

"గేటు స్తంభానికి. అదీ రాశాను. అంశం 2."

అతను లోపలికి వంగి బ్రేకు రెండు సార్లు తొక్కి చూశాడు. "బ్రేకు భేషుగ్గా ఉంది. అప్పుడు రెండోది కూడా ఉందిగా. రెండు బ్రేకులున్న బండి స్తంభాన్ని ఎట్లా గుద్దిందమ్మా?"

మా అన్నయ్య అందుకున్నాడు. "నేర్చుకునే ఆవిడ నడుపుతోంది. కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కేసింది." అంటూ నావైపు చూశాడు. నేను తల ఊపాను.

ఆ ప్రమాదం విషయంలో తల ఊపడం నాకది రెండోసారి. మొదటిసారి తమ కార్యాలయంలో ఊపాను.

6. తమ రికార్డు ప్రకారం, ఐదు నెలల క్రితం సదరు వాహనం ఒక మూతపడ్డ ప్రింటింగు ప్రెస్సు గేటు స్తంభాన్ని ఢీకొన్నది. కారణం: "నేర్చుకొను వ్యక్తి యొక్క నిర్లక్ష్యము." వెనక సీటులో ఉన్న సాక్షి: నేను. ఆమె యాక్సిలరేటరు తొక్కడం చూశారా అని తమ ఇన్‌స్పెక్టరు గారు అడిగితే తల ఊపి, చూశానన్నాను. మూడు చోట్ల సంతకం పెట్టాను. ఆయన పెన్ను రాయకపోతే నా పెన్నే ఇచ్చాను.

7. జరిగింది ఇది. మా నాన్నగారి స్కూల్లో ఒక నియమం ఉండేది. మొదటి పాఠం రోజున తాళం చేతికివ్వకముందే చెప్పేవారు. "నేను 'నాది' అన్నానంటే బండి నాది. నువ్వు ఏం చేస్తున్నా సరే, రెండు కాళ్ళూ ఎత్తెయ్. ఆలోచించకు." తొమ్మిది వందల మందికీ చెప్పారు, నాకూ చెప్పారు. నేను వెనక సీటు మధ్యలో లాగ్ బుక్కు పట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన "నాది" అన్నప్పుడల్లా ఆ రోజు గడిలో ఒక టిక్కు పెట్టడం నా పని. వరసగా మూడు పాఠాల్లో టిక్కు పడకపోతే పరీక్షకి పంపేవాళ్ళం.

ఆ రోజు నడుపుతున్నది ఒక దర్జీ ఆవిడ. హాస్పిటలు దుప్పట్లు, గౌన్లు కుట్టే చోట పదిహేనేళ్ళుగా మిషను ముందు కూర్చుని నడుము పోగొట్టుకున్నది. లైసెన్సు వస్తే అక్కడే వ్యాను నడిపే పని ఇస్తామన్నారు. అంతకుముందు రెండు పాఠాల్లో ఆమె గడులు ఖాళీ. ఇది మూడోది. ప్రెస్సు మలుపులో ఒక సైకిలు అడ్డం వచ్చింది. ఆమె క్లచ్చూ బ్రేకూ తొక్కింది. సరిగ్గా, సమయానికి తొక్కింది. బండి ఆగబోతోంది. అప్పుడు మా నాన్నగారు "నాది!" అన్నారు. ఆమె రెండు కాళ్ళూ ఎత్తేసింది. గేరులో ఉన్న బండి క్లచ్ వదిలితే ముందుకి ఉరుకుతుంది, ఉరికింది. సైకిలతను తప్పుకున్నాడు. స్తంభం తప్పుకోలేదు. ఆమె మణికట్టు విరిగింది.

మా నాన్నగారు బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. నేను రెండు సీట్ల మధ్య నుంచి చూశాను. ఆయన బూటు పెడల్ పక్కన, మ్యాటు మీద ఉంది. మోకాలు వణికేంత బలంగా నేలని తొక్కుతున్నారు. తమ ఇన్‌స్పెక్టరు గారు "మీరు తొక్కారా?" అంటే "తొక్కాను" అన్నది ఆయన వరకు అబద్ధం కాదు.

8. ఆయన పాదానికి స్పర్శ లేదు. షుగరు. ఇది ప్రమాదం తర్వాత హాస్పిటల్లో తేలిందని ఇంట్లో అనుకుంటున్నారు. నాకు అంతకు ఎనిమిది నెలల ముందే తెలుసు. ఒక సాయంత్రం ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని పేపరు చదువుతుంటే అరికాల్లో నోటీసు బోర్డుకి గుచ్చే పిన్ను తల వరకూ దిగి కనిపించింది. పొద్దున స్కూలు గదిలో బూట్లు విప్పి తిరిగినప్పుడు గుచ్చుకుని ఉంటుంది. రోజంతా దాని మీదే నడిచారు. నేను పట్టకారుతో లాగాను. ఆయన పేపరు పక్కకి దించి, పిన్ను వంక చూసి, "మీ అమ్మకి చెప్పకు" అన్నారు. చెప్పలేదు. మర్నాడు ఆయన పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. నేను లాగ్ బుక్కు పట్టుకుని వెనక కూర్చున్నాను.

9. ప్రమాదమైన మూడో వారంలో దర్జీ ఆవిడ చేతికి కట్టుతో, రెండో చేతిలో పళ్ళ సంచితో మా ఇంటికి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి నిలబడింది.

"మాస్టారూ, నన్ను క్షమించండి. బ్రేకే తొక్కాననుకున్నాను, ఒట్టు. తర్వాతేం జరిగిందో గుర్తే లేదు. నా కాలికి బుద్ధి లేకపోయింది. మీ స్కూలు మూతపడేలా చేశాను."

మా నాన్నగారు ఆమె ముఖం చూడలేదు. "పర్లేదమ్మా. నేర్చుకునేటప్పుడు అవుతుంటాయి" అన్నారు.

క్షమించేశారు. అమ్మ టీ ఇచ్చింది. ఆవిడ ఎడం చేత్తో తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నా భుజం తట్టి, "నువ్వు కూడా ఉన్నావుగా చెల్లీ లోపల. దెబ్బలేం తగల్లేదుగా?" అంది. లేదక్కా అన్నాను. తలుపు వేశాక మా అన్నయ్య, "చూశావా, ఆవిడే ఒప్పుకుంది" అన్నాడు. పళ్ళు మేమే తిన్నాం.

తమ ఉత్తర్వు ప్రకారం ఆమె ఏడాది వరకు లైసెన్సుకి దరఖాస్తు చేయరాదు. వ్యాను పని ఇంకెవరికో ఇచ్చారు. ఏడాది తర్వాత కూడా స్టీరింగు ముట్టుకోనని ఆమె అందరితో చెబుతోందట.

10. మెకానిక్కు వచ్చి వెళ్ళిన రోజున నేను మూడు పేజీలూ మళ్ళీ చదివాను. అద్దం, దగ్గు, వాసన. ఒక్కటి రాయకుండా ఉండటానికి నలభై ఒక్కటి రాశానని అర్థమైంది. నలభై రెండోది రాశాను: "ప్రమాదంలో బ్రేకుల తప్పు లేదు. నడిపిన ఆమె తప్పు లేదు. నేర్పిన మా నాన్నగారి పాదానికి స్పర్శ లేదు. ఆ సంగతి నాకు తెలుసు."

11. దాన్ని తమ రికార్డులో చేర్పించుకుందామని గత సోమవారం తమ కార్యాలయానికి వచ్చాను. ఆరో నంబరు కిటికీలోని గుమాస్తాగారు శ్రద్ధగా చదివారు. చదివి, "ఏమ్మా, ఇది వాహనం వివరాల ఫారం కదా. నాన్నగారి వివరాలు రాశావేంటి?" అన్నారు.

"ప్రమాదానికి కారణం అదే సార్."

ఆయన అచ్చువేసిన జాబితా మీద పెన్ను పెట్టి ఒక్కొక్కటే చూపించారు. "ఇదిగో. బ్రేకు, క్లచ్, టైరు, స్టీరింగు, లైట్లు. ఇందులో కాలు లేదమ్మా. 'ఇతరములు' ఉంది కానీ అది సీటు కవర్లకి."

"సాక్షి మాట మార్చుకోవాలంటే ఏ ఫారం సార్?"

"అట్లాంటి ఫారం లేదు. ఎవరూ అడగలేదు." తర్వాత కిటికీలోంచి కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించి, "కారు అమ్మేస్తే గొడవ వదిలిపోతుంది కదమ్మా" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆయనపై చర్య తీసుకోవద్దని మనవి.

కావున, ఫారం లేదు గనుక, ఈ అర్జీ ద్వారా కోరునది: (అ) ఐదు నెలల క్రితం నేను ఇచ్చిన వాంగ్మూలం అబద్ధం, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, తీసివేయండి. అబద్ధపు సాక్ష్యానికి ఏ చర్య ఉంటే అది నా మీద తీసుకోండి. (ఆ) దర్జీ ఆవిడ మీద ఉన్న ఏడాది నిషేధం ఎత్తివేయండి. (ఇ) సదరు వాహనం రికార్డులో ప్రమాదకారణాన్ని సరిచేయండి, ఎవరు కొన్నా వారికి అదే కనిపించాలి. రుజువుగా లాగ్ బుక్కులో ఆ రోజు పేజీ జతచేస్తున్నాను. ఆమె గడిలో ఒక టిక్కు ఉంది. మా నాన్నగారు "నాది" అనగానే అలవాటుగా పెట్టాను. దాని తోక ఐదు గడులు దాటి పేజీ అంచు దాకా పోయింది. స్తంభం తగిలింది అప్పుడే. ఆయన అనకపోతే ఆ టిక్కు ఉండదు. గుద్దిన తర్వాత పెట్టి ఉంటే ఆ తోక ఉండదు.

పై సంగతులన్నీ తమరు చిత్తగించవలెను. చిత్తగించి పక్కన పెట్టేసినా నా వాంగ్మూలం మారినట్టే లెక్క.

తమ విధేయురాలు,
సదరు వాహనపు యజమానురాలు, సదరు ప్రమాదపు సాక్షి

తా.క. ఈ కాగితానికి మరి మూడు ప్రతులు తీశాను. ఒకటి నిన్న దర్జీ ఆవిడకి ఇచ్చాను. మిషను ఆపి, పెదాలు కదుపుతూ చదివింది. "అయితే నేను తొక్కానా?" అంది. తొక్కారక్కా అన్నాను. "బ్రేకేనా?" అంది. బ్రేకే అన్నాను. నన్ను తిడుతుందని నిలబడ్డాను. ఆమె నన్ను చూడటం లేదు. టేబులు కింద తన కుడిపాదాన్ని చూసుకుంటోంది. మిషను పెడల్ మీద దాన్ని మెల్లగా ఒకసారి నొక్కి, వదిలింది.

రెండోది మా నాన్నగారి మంచం పక్కన పెట్టాను. చదివారు. "ఆ రోజు టిక్కు పెట్టావా?" అని అడిగారు. పెట్టాను నాన్నా అన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నారు.

మూడోది టీచరమ్మకి. శనివారం మళ్ళీ వస్తానన్నారు. ముందు కాగితం ఇస్తాను, తర్వాతే తాళం. నలభై రెండో అంశం కొట్టేస్తే తప్ప ఇంట్లో ఉండనివ్వనని మా అన్నయ్య అన్నాడు. అమ్మ, "ఒక్క లైనే కదే తల్లీ" అంది.

కొట్టేయను.