కారు రేడియోకు మార్కులు

3-2-1954, బుధవారం

ఉదయం పదిన్నరకి కాకినాడ షాపు సూర్యప్రకాశరావు గారు మెకానిక్కుతో వచ్చి కారులో వెల్‌డన్ రేడియో బిగించి వెళ్లారు. లండన్ సరుకు. వారం తరవాత ఇది విప్పి బొంబాయి రాజ్‌టోన్ బిగిస్తారు. రెండింట్లో నచ్చింది ఉంచుకోవచ్చు.

మా ఊళ్లో కరెంటు లేదు గనుక రేడియో కారులోనే. మా వారికి పాట కచేరీ అంటే ప్రాణం. అయినా రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులంటూ అమలాపురం కచేరీలకు రావడం మానేశారు. ఇంట్లోనూ మాట తగ్గింది. ముప్పై ఏళ్లు ప్లీడరీ చేసిన మనిషి రోజుకు పది మాటలు ఆడడం లేదు. ఈ రేడియో అయినా వారిని మళ్లీ మనుషుల్లోకి తేవాలి.

షాపువాళ్ల మాట మీద వస్తువు కొనే అలవాటు నాకు లేదు. పరీక్ష పెడతాను. వార్తల వేళ నేనూ వారూ చెరో కాగితం మీద విన్నది రాయాలి. డిక్టేషన్. మాట పోతే సెట్టుకు అర మార్కు కోత.

మనవరాలు పార్వతి ఒకటే నవ్వు. తాతయ్య గారిక్కూడా పరీక్షేనా అమ్మమ్మా, ఫెయిలైతే గోడకుర్చీ వేయిస్తావా, అని.

5-2-1954, శుక్రవారం

వెల్‌డన్. గొంతు తేటగా ఉంది. ఇంజను నడుస్తుంటే సన్నని ఈల, ఆపితే అదీ లేదు. గోతుల రోడ్డు మీద కూడా ఆగలేదు. నా కాగితం ప్రకారం పదికి తొమ్మిది. పదికి పది నేనెవరికీ వేయను.

వారి కాగితం ప్రకారం మూడు. నేను విన్నది రైలు చార్జీల సంగతి. వారు రాసింది కొబ్బరి ధర పెరిగిందని. ముందు సీటుకు ఒకలా, వెనక సీటుకు ఒకలా పలుకుతోందేమో. రేపు సీట్లు మార్చుకుంటాం.

6-2-1954

మార్చుకున్నాం. మళ్లీ మూడే.

11-2-1954, గురువారం

రాజ్‌టోన్ బిగించారు. గాదెలో గుమ్మడికాయలు దొర్లినట్టు మోత. మృదంగం వస్తే డ్యాష్‌బోర్డు అదురుతుంది, పాట అడుగున ఎక్కడో ఉంటుంది. రాజోలు రోడ్డులో రెండుసార్లు ఆగిపోయింది. డ్రైవరు మోషే అరచేత్తో ఒక్కటి చరిచి పలికించాడు. దెబ్బ పడితేగాని పాఠం అప్పజెప్పదండి అమ్మగారూ, మీ బళ్లో వేసెయ్యొచ్చండి, అన్నాడు. నా ముఖం చూసి, ఆయ్, ఊరికే అన్నానండి, అన్నాడు.

శబ్దానికి నాలుగు. నమ్మకానికి రెండు.

14-2-1954, ఆదివారం

రాయాలని లేదు. రాస్తాను.

వంటింట్లో పని తెమలక వార్తలకు ఐదు నిమిషాలు ఆలస్యంగా కారు షెడ్డులోకి వెళ్లాను. రేడియో దీపం వెలుగుతోంది. శబ్దం లేదు. లోపల వైబ్రేటరు అనే ముక్క పోయిందని మోషే తరవాత చెప్పాడు. వారు మాత్రం తల వంచుకుని రాసుకుపోతున్నారు. అప్పటికే ముప్పాతిక పేజీ అయింది.

పక్కన కూర్చుని నేనూ పెన్సిలు కదిపాను. పది నిమిషాలు ఇద్దరం లేని వార్తలు రాసుకున్నాం.

వారి కాగితంలో ఉన్నది: కొబ్బరి ధర పెరిగింది. కాలవలకు నీళ్లు వదిలారు. రాజోలులో ఆడపిల్లల హైస్కూలుకు అనుమతి వచ్చింది.

ఆ హైస్కూలు కోసం నేను జిల్లా బోర్డుకు పదకొండు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు.

మిగతా రోజుల కాగితాలన్నీ తీసి చూశాను. ఒక్కదాంట్లోనూ వరద లేదు, చావు లేదు. అన్నీ నేను వినాలనుకునే వార్తలే.

వెల్‌డన్‌కు కోసిన మార్కులు తిరిగి వేశాను. తప్పు సెట్టుది కాదు. మోకాళ్లదీ కాదు.

18-2-1954, గురువారం

పొద్దున్నే కాగితం మీద "నర్సాపురం, చెవుల డాక్టరు" అని రాసి వారికి చూపించాను. చదువుకుని, దొరికిపోయానా మేష్టారూ, అన్నారు. పన్నెండేళ్లు బడిలో పాఠాలు చెప్పినందుకు నన్ను అలా పిలుస్తారు. పిలిచి చాలా రోజులైంది.

సఖినేటిపల్లి రేవులో కారు పంటు ఎక్కించి గోదావరి దాటాం. నరం దెబ్బతింది, చేసేదేమీ లేదన్నాడు డాక్టరు.

తిరుగు పంటు నడి గోదాట్లోకి వచ్చాక మోషే, ఏమీ తోచక కాబోలు, కొత్త వైబ్రేటరు వేయించిన రాజ్‌టోన్ పెట్టాడు. ఇంజను ఆగి ఉంది. ఏదో కచేరీ. మృదంగం మొదలైంది. ముందు సీట్లో వారి ఎడమ చెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఉంది. కుడి చెయ్యి మెల్లగా తొడ మీద పడింది. లేచింది. మళ్లీ పడింది. ఆది తాళం. నేను లెక్కపెట్టాను. పదహారు ఆవర్తాలు, ఒక్కటీ తప్పలేదు.

రేవుకు చేరినా మేం కదలలేదు. పంటువాడు, కారు దింపండి బాబూ, అవతల బళ్లు కాసుకునున్నాయి, అని కేకలు. మోషే తల బయటికి పెట్టి, ఉండెహె, అయ్యగారు పాట వింటన్నారు, అన్నాడు.

19-2-1954

సూర్యప్రకాశరావు గారికి ఉత్తరం రాశాను. అన్ని విధాలా వెల్‌డన్ మెరుగు, మేము రాజ్‌టోన్ ఉంచుకుంటున్నాము, వైబ్రేటర్లు మూడు అదనంగా పంపండి. కారణం రాయలేదు.

నేనూ ఒకప్పుడు పాడేదాన్ని. పెళ్లిచూపుల్లో నా పాట విని వారు తాళం వేశారు. కాపురానికి వచ్చిన నెలకే, కోడలి గొంతు వీధిలోకి వినపడుతోందని అత్తగారు అన్నారు. మానేశాను. వారు వద్దనలేదు, పాడమనీ అనలేదు. ముప్పై తొమ్మిదేళ్లయింది.

6-3-1954, శనివారం, సాయంత్రం

సరిగ్గా కచేరీ వేళకు రాజ్‌టోన్ మూగబోయింది. మోషే మూడుసార్లు చరిచినా పలకలేదు. వాణ్ణి ఇంటికి పొమ్మన్నాను.

వారి చెయ్యి డ్యాష్‌బోర్డు మీంచి తీసి నా వీపు మీద పెట్టుకున్నాను. పాడాను. చరణంలో రెండుచోట్ల మాటలు మరిచిపోయాను. తాళం ఆగలేదు.

దిగేటప్పుడు పెన్సిలూ డైరీ అడిగి తీసుకున్నారు. కింద ఉన్నది వారి దస్తూరీ.

పదికి తొమ్మిది. ఒక మార్కు ఆలస్యానికి కోత. సగం తప్పు నాది.