ఆవు తిన్న శిలువ

గజపతినగరం, ఫిబ్రవరి 1968, శుక్రవారం

నిన్న కుట్టు క్లాసులో ఐర్లండు సిస్టరు మన వరిగడ్డితోనే అల్లిన చిన్న శిలువ ఇచ్చారు. ఏటా ఆ రోజునే వాళ్లమ్మ అల్లి గుమ్మానికి కట్టేదట, ఇల్లూ ఆవులూ చల్లగా ఉండాలని. అత్త చూస్తే మతం మారాననుకుంటుందని, ఇంటికి రాగానే దాన్ని ఆవు ముందు పడేశాను.

ఈ సాయంత్రం సిస్టరే మా ఇంటికి వచ్చారు. గుమ్మం మీద మా వరికంకుల కుచ్చొక్కటే ఉంది.

"ఆవు తినేసింది" అన్నాను, నా తప్పేం లేనట్టు.

"పోనీలే, ఆవు కోసమే కదా" అని నవ్వారు.

ఆవిడ వెళ్లాక, లోపల్నుంచి అంతా విన్న అత్త నిలదీసింది: "నాకెందుకు సూపించనేదే? మన కుచ్చు పక్కనే కట్టేద్దును గదా! రేపు ఆయమ్మ సేత ఇంకోటి అల్లించి తే."

ఏ మొహం పెట్టుకుని అడగను?