గడప దగ్గర వాళ్ళు ముందు

జూన్ 4
ట్రస్టు బోర్డులో ఖాళీ అయిన కుర్చీ రమాదేవికి ఇచ్చారు. నాకు కాదు. చైర్మన్ సారే ఫోన్ చేసి చెప్పాడు, పైగా సంతోషంగా చెప్పాడు. "జీతం తీసుకునేటోళ్ళు బోర్డుల ఉండొద్దు గదమ్మా. రూలు నీకు తెల్వంది కాదు." తెలుసు. తెలిసీ ఆశపడ్డాను. జీతం వదిలేస్తావా అని ఒక్క మాట అడిగితే సరేననేదాన్ని... అడగలేదు.

గూడేల్లో మన సాయంకాలం బడులు మూసేద్దామంటున్నారు. బోర్డులో ఉంటే అడ్డుపడొచ్చు అనుకున్నాను. అందుకేనా? కాదు. కుర్చీ కూడా కావాలి.

జూన్ 5
వాన. ఆఫీసు కప్పు మళ్ళీ కారింది. రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 7
కొత్త పని. ట్రస్టు వార్షికోత్సవం పుస్తకంలో బోర్డు సభ్యుల పరిచయాలు వేస్తారట. ఒక్కొక్కరి నాయకత్వ నేపథ్యం, తలా అర పేజీ. రాసేది నేను. ఇంకెవరు రాస్తారు!

డాక్టరమ్మది ఇట్టే అయిపోయింది. గోదావరి భద్రాచలం వీధుల్లోకి వచ్చిన ఏడు కూడా దవాఖానా వదలని మనిషి. ఆమెంటే నాకు కుళ్ళు లేదు. రిటైరైన బ్యాంకు మేనేజరు గారు మాత్రం కాలనీ క్లబ్బుకు అధ్యక్షుణ్ణని రాసి పంపాడు. ఆ క్లబ్బులో క్యారమ్స్ ఆడతారు, అంతే. 'సమష్టి నిర్ణయాలకు బాట వేశారు' అని రాశాను. బడులు మూసేద్దామన్న మహానుభావుడు ఈయనే.

రమాదేవిది మిగిలింది.

జూన్ 9
పైన పేరు రాశాను. కింద, మాజీ సర్పంచ్. అంతకు ముందు?

అంతకు ముందు నా వెనక నడిచింది. వేంసూరు నుంచి పెళ్ళై ఈ అడవి అంచు ఊరికి వచ్చిన కొత్త. నేను పెట్టే మహిళా సంఘం మీటింగులకు వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప దగ్గర కూర్చునేది. ముందు చాపల మీద కూర్చున్న నలుగురే మాట్లాడి లేచిపోతున్నారు. విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టాను — గడప దగ్గర కూర్చున్నవాళ్ళు ముందు మాట్లాడాలి, వాళ్ళయ్యేదాకా చాపల మీదవాళ్ళు నోరు తెరవకూడదు. మొదటిసారి రమాదేవి వంతు. ఏం అడగాలో తోచక, ఇంటికి పోతానంది. లేచిపోయింది కూడా. బయటికి వెళ్ళి అన్నాను, "వచ్చే మీటింగుల గూడ గడప కాడనే కూసో. జరగకు." తర్వాతి మీటింగులో మాట్లాడింది. బోరింగు దగ్గర బురద సంగతి. రెండే ముక్కలు.

సర్పంచ్ అయ్యాక గ్రామసభలో అదే పెట్టింది. పేపర్లో పడింది, ఫోటోతో సహా. ఇప్పుడు అందరి నోటా 'రమాదేవి పద్ధతి'. చైర్మన్ సారు నోటా అదే. విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. ఈ డైరీలో కూడా అబద్ధం ఎందుకు.

జూన్ 12
వివరాల కోసం వాళ్ళింటికి వెళ్ళాను. అన్నం తినేదాకా కదలనివ్వలేదు. మామిడికాయ పప్పు. బాగుంది... అదీ నచ్చలేదు.

తిన్నాక కాగితం తీసి, మీకు నాయకత్వం ఎలా అలవడింది అని అడిగాను. కావాలనే 'మీకు' అన్నాను. నవ్వింది.

"ఏందక్కా, మీరు గీరు అంటున్నవ్? మీటింగు నడుపుడు నువ్వే నేర్పినవ్. గదే రాయి. విజయక్క నేర్పిందని రాయి."

నా పేరు నా చేత్తో రాసుకోవాలట. రాస్తే, పుస్తకం చేతిలో ఉంది కదా అని దూరిపోయింది అంటారు. రాయకపోతే ఆ మాట ఇంకెక్కడా ఉండదు. ఆమె అంతా తనదే అని కోతలు కోసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా లేకుండా చేసింది.

జూన్ 13
రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను, పేరు లేకుండా. 'ఒక కార్యకర్త ప్రోత్సాహంతో.' ఒక కార్యకర్త! ఛీ.

జూన్ 17
బోర్డు మీటింగు. రమాదేవికి మొదటిది. డాక్టరమ్మ పక్కన కూర్చుంది, ఎప్పటినుంచో అక్కడే కూర్చుంటున్నట్టు. నేను మినిట్స్ రాయడానికి తలుపు దగ్గర, ప్లాస్టిక్ కుర్చీలో.

బడుల సంగతి వచ్చింది. మేనేజరు గారు గొంతు సవరించుకున్నాడు. ఆయన మొదలుపెట్టేలోపే రమాదేవి అంది, "గడప దగ్గర కూసున్నోళ్ళు ముందు మాట్లాడాలె సార్."

అందరూ ఇటు తిరిగారు. గడప దగ్గర నేనే.

ఎన్ని మాటలు దాచుకున్నాను! వానాకాలం వాగు దాటి పిల్లలు పెద్ద బడికి పోలేరని, చీకటి పడే వేళకు చదువు దొరికేది ఈ బడుల్లోనేనని. ఒక్కటీ రాలేదు. నా నోట్లోంచి వచ్చింది ఇది —

"టీ తెప్పించమంటారా సార్?"

"ఆ, చెప్పమ్మా. నాకు పంచదార తక్కువ," అన్నాడు మేనేజరు గారు.

రమాదేవి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. బడుల విషయం వచ్చే మీటింగుకు జరపాలని ఆమే అడిగింది. జరిపారు. మినిట్స్‌లో అంతా రాశాను, టీ తప్ప.

జూన్ 18
పొద్దున్నే రమాదేవి ఫోన్. నిన్నటి సంగతి ఎత్తలేదు. పిల్లల గురించి, ఎండ గురించి. పెట్టేసే ముందు అంది —

"అక్కా, వచ్చే మీటింగుల గూడ గడప కాడనే కూసో. జరగకు."

నా మాటే. నా దగ్గరే నేర్చుకుని నాకే ఇచ్చింది. దయ చూపించిందా, బోర్డు మెంబరుగా చెప్పిందా... పొద్దుటినుంచీ రెండూ అనిపిస్తున్నాయి. ఏదైనా మంటే.

ప్రెస్సు వాడు రెండుసార్లు అడిగాడు. అందరివీ పంపాను, రమాదేవిది తప్ప. 'ఒక కార్యకర్త' కొట్టేసి, పైన 'విజయ' అని రాసి చూశాను. చిన్న పేరు. ఆ సందులో పట్టేస్తుంది.

రేపు పంపుతానన్నాను.