నది మీద ఫ్యాను

మంగళవారం, అమీర్‌పేట

నవలలో హీరో ఇల్లు వదిలి పడవెక్కే ఘట్టం ఈరోజు గీశాను. లావు పుస్తకాలంటే పారిపోయే చెల్లి కోసం ఆ నవలని బొమ్మల కథగా మార్చడం మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ అన్నీ ఇరుకు గదుల సీన్లే. నది వస్తే గళ్లు లేకుండా పేజీ నిండా ఒకే బొమ్మ వేయాలని కాచుకుని కూర్చున్నాను. కాగితం మాత్రం జావా క్లాసు జిరాక్సుల వెనకవైపే.

ఈ హాస్టల్ గదిలో నలుగురం. గీయడానికి నా మంచం తప్ప చోటు లేదు. సాయంత్రం పక్క మంచం యాదగిరి వచ్చి తొంగిచూశాడు.

"బొమ్మ మస్తుందన్నా. గని నది మీద ఫ్యానెందుకు పెట్టినవ్?"

నిజమే. పడవకి సరిగ్గా పైన, మబ్బుల మధ్య, మా గది ఫ్యాను. ఎప్పుడు గీశానో నాకే తెలియదు.

"మబ్బు లెక్క దిద్దెయ్యి, ఎవలు జూస్తరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో బెంగళూరులో ఒక ఆఫీసులో మూడేళ్లు పనిచేశానని అబద్ధం చెప్పాలి. ఆ ఊరు నేను చూడనే లేదు. "కళ్లు మూసుకుని ఆ ఆఫీసుని ఊహించుకోండి, తడబడరు" అంటారు క్లాసు చెప్పే సారు. మూసుకుంటే ఈ గదే కనిపిస్తోంది.

ఇందాక ఫ్యాను మీద మబ్బు దిద్దేశాను. అప్పుడు చూశాను హీరో ముఖం. అవతలి ఒడ్డు వైపు తిరిగి లేదు. పడవలో వెల్లకిలా పడుకుని, సరిగ్గా ఆ మబ్బుకేసే చూస్తున్నాడు.