రెండు నిమిషాల నలభై సెకన్లు

1 నవంబర్ 2025, శనివారం

ఊరికి డబ్బు పంపే ఎక్స్‌చేంజ్ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా స్పోర్ట్స్ రూమ్ బీరువాలో బంతుల కింద నలుగుతోంది. ఇవాళ దుమ్ము దులిపి రాస్తున్నాను, కారణం ఉంది. నాకు ప్రమోషన్ వచ్చింది. జీతం పెరిగే ప్రమోషన్ కాదులే. మా స్కూల్ గ్రౌండ్‌లో జరిగే ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లన్నిటికీ ఇకమీదట టైంకీపర్‌ని నేనే. ప్రిన్సిపల్ మేడమ్ స్టాప్‌వాచ్ తెచ్చి తన చేత్తో నా మెడలో వేసింది. తాళి తర్వాత నా మెడలో ఇంకొకరు ఏదైనా వేయడం ఇదే.

రాయచోటి నుంచి కువైట్ వచ్చి తొమ్మిదేళ్ళు మామా ఇంట్లో, అంటే మా అరబ్బు యజమానురాలి ఇంట్లో, పని చేశాను. నాలుగేళ్ళుగా ఈ ఫహాహీల్ స్కూల్లో ఆయాని. బంతులకి గాలి కొట్టడం, పిల్లలు ఆటలో వేసుకునే బిబ్‌లు ఉతకడం, మోకాళ్ళకి మందు రాయడం నా డ్యూటీ. ఇప్పుడు కుర్చీ, టేబుల్, గంట, వాచీ. మా ఆయన బాలసుబ్బయ్య వఫ్రాలో తోట పనికి ఉంటాడు. ఫోన్ చేసి చెబితే, ఏందే, ఇంగ గడియారం కూడా నీ మాటే వినాల్నా అన్నాడు.

4 నవంబర్

సలాం అన్న రూల్స్ చెప్పాడు. పేరు అబ్దుల్ సలాం, కడప. మా స్కూల్ బస్ డ్రైవర్. బస్సు ఖాళీగా నిలబడి ఉన్న టైంలో చదివి చదివి రెఫరీ పరీక్ష పాసయ్యాడు, మూడోసారికి. ఆ బ్యాడ్జీని ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కంటే భద్రంగా పెట్టుకుంటాడు.

ముప్పై నిమిషాలు, ఐదు నిమిషాలు రెస్ట్, మళ్ళీ ముప్పై. టేబుల్ మీది వాచీయే ఫైనల్. రెఫరీ రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితేనే ఆపాలి. బంతి రోడ్డు మీదికి పోనీ, పిల్ల పడిపోనీ, నువ్వు మాత్రం నా చేతులు చూడు మునక్కా, ఇంగేం చూడాకు అన్నాడు.

సరే అన్నాను. ఇంత చిన్న పనికి ఇంత ఉపన్యాసమా అనుకున్నాను.

8 నవంబర్, శనివారం, రాత్రి

సెమీఫైనల్ గెలిచాం! ఒకటి సున్నా.

ఆఖరి ఐదు నిమిషాలు మా పిల్లలు వేసిన వేషాలు చూస్తే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. టైం తినడానికి గోల్‌కీపర్ గ్లోవ్స్ విప్పి మళ్ళీ తొడుక్కుంది. దేవిక మూడుసార్లు బూటు లేసు కట్టుకుంది. అవతల స్కూల్ కోచ్ గొంతు పోయేలా అరిచాడు. రెఫరీ వేరే ఆయన, చేతులు ఎత్తలేదు. నేను వాచీ ఆపలేదు. నా వాళ్ళకైనా రూల్ రూలే కదా, ఈసారి ఆ రూల్ మా వైపు ఉంది, అంతే.

దేవిక మా కెప్టెన్, పన్నెండో క్లాసు. వాళ్ళది జగిత్యాల. నాన్న క్రేన్ నడుపుతాడు. వచ్చే ఏడాది ఉండదు, ఇంటికి పంపేస్తారట. మ్యాచ్ అయ్యాక వచ్చి నా ఒళ్ళో కాళ్ళు పెట్టి, ఆంటీ, గీ లేసు ముడి పడ్డది జర విప్పరాదు అంది. మూడుసార్లు కడితే ముడి పడదా మరి. విప్పాను.

15 నవంబర్, శనివారం

కప్పు మాది!!!

ఫైనల్, అర్దియా నుంచి వచ్చిన స్కూల్‌తో. రావలసిన రెఫరీకి జ్వరం. ఇద్దరు కోచ్‌లూ ఒప్పుకుంటే సలాం అన్నే విజిల్ పట్టుకున్నాడు. మా స్కూల్ డ్రైవర్ అని తెలిసే ఒప్పుకున్నారు. ఫస్ట్ హాఫ్‌లో వాళ్ళొకటి, మేమొకటి. సెకండ్ హాఫ్‌లో ఎంతకీ గోల్ పడలేదు. సలాం అన్న నిమిషానికోసారి నా టేబుల్ వైపు చూస్తాడు, నాకు ఒళ్ళు మండుతుంది. నేనేమన్నా నిద్రపోతున్నానా?

నా వాచీలో ఇంకా యాభై సెకన్లున్నాయి. దేవిక కార్నర్ దగ్గర నుంచి ఇద్దర్ని తప్పించుకుని ఎడమ కాలితో కొట్టింది. నేను లేచి గెంతాను. గెంతుతూనే వాచీ చూసుకుని, జీరో కాగానే గంట కొట్టాను.

అర్దియా కోచ్ టేబుల్ దగ్గరికొచ్చాడు, టైం ఎప్పుడో అయిపోయిందట. నేను వాచీ ఎత్తి చూపించాను. ఇది అబద్ధం చెప్పదు సార్ అన్నాను హిందీలో. అందరి ముందూ అన్నాను.

16 నవంబర్

కంప్లయింట్ పెట్టారట. పెట్టుకోనీ.

17 నవంబర్, సోమవారం

అర్దియా పిల్ల తండ్రి ఒకరు సెకండ్ హాఫ్ మొత్తం ఫోన్‌లో తీశాడు. ఆ వీడియో ప్రకారం గోల్ పడేసరికి ముప్పై ఒక్క నిమిషం యాభై సెకన్లు. నా వాచీకీ దానికీ తేడా రెండు నిమిషాల నలభై సెకన్లు.

మేడమ్ సలాం అన్నని పిలిపించింది. అజాన్ అప్పుడు నేనే ఆపమన్నాను, చేతులు ఎత్తడం మరిచి నోటితో చెప్పాను అన్నాడట. సైగ లేకుండా ఆపించడం రెఫరీ తప్పు. అదీ సొంత స్కూల్ కోసం. బ్యాడ్జీ పోతుంది అంటున్నారు.

ఆయన నాకేమీ చెప్పలేదు. నేను ఆపలేదు. అజాన్ అప్పుడు ఆట కూడా ఆగలేదు, పిల్లలు ఆడుతూనే ఉన్నారు. ఈ మనిషి జరగని మాట ఎందుకు చెప్పాడు? కప్పు కోసమా? నాకు కోపం వచ్చింది. బస్ దగ్గర కనిపిస్తే మొహం తిప్పుకుని పోయాను.

18 నవంబర్, మధ్యాహ్నం 12:10

పని పక్కన పెట్టి ముందు ఇది రాస్తున్నాను.

ఇందాక బంతులకి గాలి కొడుతున్నాను. కరెంట్ పంపు, గోల గోలగా ఉంటుంది. వెనక మసీదులో మధ్యాహ్నపు జుహర్ అజాన్ అయింది. అయిపోయాక చూస్తే బంతి మెత్తగానే ఉంది. పంపు ఆగి ఉంది. స్విచ్ ఆపేసి ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

మామా ఇంట్లో తొమ్మిదేళ్ళు. అజాన్ వినబడగానే టీవీ ఆపాలి, మిక్సీ ఆపాలి, తల మీద చున్నీ వేసుకోవాలి. మొదట్లో మామా గుర్తు చేసేది. తర్వాత చెయ్యి తనంతట తనే పోయేది. ఆ ఇల్లు వదిలి నాలుగేళ్ళయినా చెయ్యికి ఆ సంగతి తెలియదు.

అదే రోజు, సాయంత్రం

ఆఫీస్ కంప్యూటర్‌లో వీడియో చూపించమన్నాను. బంతిని చూడలేదు, మూలన ఉన్న నా టేబుల్‌ని చూశాను. పొద్దుగూకే వేళ మఘ్రిబ్ అజాన్ మొదలవుతుంది. నేను కళ్ళు ఆట మీదే పెట్టి చున్నీ తల మీదికి లాక్కుంటాను. బొటనవేలు వాచీ మీదికి పోతుంది. అజాన్ అయ్యాక మళ్ళీ పోతుంది. చున్నీ జారుతుంది. నా మొహంలో ఏమీ లేదు.

ఇది అబద్ధం చెప్పదు సార్ అన్నాను కదా. ఆ మాట తల్చుకుంటే భూమిలోకి పోవాలనిపిస్తోంది.

19 నవంబర్

పొద్దున్నే బస్ ఎక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని అంతా చెప్పాను. సలాం అన్న అద్దంలో చూస్తూ విన్నాడు. తెలుసులే అన్నాడు.

ఆయన వాచీకీ నా గంటకీ తేడా వచ్చినప్పుడే అనుమానం వచ్చిందట. తర్వాత వీడియోలో చున్నీ చూసి అర్థమైందట. మరి నా పేరు ఎందుకు చెప్పలేదని అరిచాను. ఆయన చాలాసేపు స్టీరింగ్ తుడిచాడు. మా అజాన్‌కు నువ్వు ఆపినావు మునక్కా, నేను ఆపకుండా ఆట ఆడిపిచ్చినా, ఇంగ నీ పేరు చెప్పేదానికి నాకు నోరు యాడ వస్తాది అన్నాడు.

ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. నిన్నెవరు అడిగారు అన్నాను. మూడుసార్లు పరీక్ష రాసింది ఇందుకేనా అన్నాను. నువ్వు గమ్మునుండు, నాకు బస్సుంది, నీకు ఆ కుర్చీ పోతే మళ్ళా రాదు అన్నాడు.

నిజమే. ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకి తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. కానీ ఆయన బ్యాడ్జీ పోగొట్టి కూర్చుంటే ఆ కుర్చీలో ఏం సుఖం?

20 నవంబర్, గురువారం

తెలుగులో కాగితం రాశాను. సలాం అన్న ఏమీ చెప్పలేదు, నేనే ఆపాను, అలవాటు కొద్దీ ఆపాను, నాకే తెలియలేదు అని. ఇంగ్లీష్‌లో కావాలి, మేడమ్ మలయాళీ. ఎవరిని అడగాలా అనుకుంటుంటే దేవిక బిబ్‌లు ఇవ్వడానికి వచ్చింది. బల్ల మీద కాగితం చూసి ఏంది ఆంటీ అంది. తనకి తెలుగు చదవడం రాదు. బయటివాళ్ళ నోట వినడం కంటే నా నోట వినడం నయమనుకుని చదివి వినిపించాను.

బిబ్‌లు బల్ల మీద పెట్టింది. గట్లయితే నా గోల్ పోతది గదా ఆంటీ అంది. అవును అన్నాను. ఈ పిల్ల ఎడమ కాలితో కొట్టడం రెండేళ్ళు నేర్చుకుంది, నేను రోజూ చూశాను. సారీ అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాకే తెలిసింది.

పెన్ను ఇమ్మంది. ఇంగ్లీష్‌లో తనే రాసింది, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. సలాం అంకుల్ పేరు కింద గీత కూడా గీసింది. ఇచ్చేసి నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

22 నవంబర్

గోల్ రద్దు. ఒకటి ఒకటి. వచ్చే శనివారం అర్దియా గ్రౌండ్‌లో పెనాల్టీలు మాత్రమే కొడతారు. సలాం అన్న బ్యాడ్జీ ఉంటుంది, లేని మాట చెప్పినందుకు వార్నింగ్. జనవరి దాకా నేను టేబుల్ దగ్గరికి పోకూడదు.

వాచీ తీసి ఇచ్చేశాను. మెడ బోసిగా ఉంది.

25 నవంబర్

దేవిక మాట్లాడటం లేదు. బిబ్‌లు ఇంకో పిల్లతో పంపుతోంది. మా ఆయనకి చెబితే ఆకలైతే వస్తాదిలే అన్నాడు. ఆయనకి అన్నీ ఆకలితోనే.

29 నవంబర్, శనివారం

ఓడిపోయాం. నాలుగు మూడు.

మొదటి పెనాల్టీ దేవికది. ఎడమ కాలు, అదే మూల. నెట్ ఊగింది. నేను బస్ మెట్టు మీద నిలబడి చూశాను, దగ్గరికి పోయే ధైర్యం లేదు. ఆఖరిది మా గోల్‌కీపర్ కొట్టింది, పోల్‌కి తగిలింది. అర్దియా పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడ్చారు, సంతోషంతో. మావాళ్ళు ఊరికే ఏడ్చారు.

తిరుగు ప్రయాణంలో దేవిక వచ్చి నా పక్కన కూర్చుంది. కాళ్ళు నా ఒళ్ళో పెట్టింది. గీ గోల్‌ను ఎవ్వలు గుంజుకోలేరు గదా ఆంటీ అంది. లేరమ్మా, దీనికి వాచీ లేదు అన్నాను. లేసు ముడి పడి లేదు. అయినా విప్పమంది.

14 డిసెంబర్

బంతులు పదకొండు. ఒకటి పంక్చర్.

10 జనవరి 2026, శనివారం

సలాం అన్న స్పోర్ట్స్ రూమ్‌కి వచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. టోర్నమెంట్ కొత్త రూల్స్. వేలు పెట్టి చివరిది చూపించాడు. అజాన్ వినబడితే ఆట ఆపి పిల్లలు నీళ్ళు తాగాలి. వాచీ ఆగాలి. టైంకీపర్ రెఫరీ సైగ కోసం చూడనక్కర్లేదు.

అడిగింది ఈయనట, బలపరిచింది అర్దియా కోచ్ అట. ఆ కోచ్ ఒకటే మాట అన్నాడట, ఆ టేబుల్ దగ్గర ఆమెనే కూర్చోబెట్టండి అని. నేను నమ్మలేదు. ఒట్టు మునక్కా అన్నాడు. జేబులోంచి వాచీ తీసి ఇచ్చాడు. కొత్త తాడు కట్టించాడు, ఎర్రది.

17 జనవరి, శనివారం

మఘ్రిబ్ అజాన్ 5:13. ఆపాను. సలాం అన్న నా వైపు చూడనే లేదు.